ఆడ క్లౌన్‌ఫిష్ చనిపోతే మగదే ఆడదవుతుందట, ఆపైన కొడుకుతోనే జతకడుతుందట. ఇందులో నిజమెంత?

#1 బడిటీచరమ్మ

నమస్తే అండీ. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. మొన్న క్లాసులో ఒక పిల్లాడు లేచి, "మేడం, ఆ నారింజరంగు నీమో చేప ఉంది కదా, అమ్మ చచ్చిపోతే నాన్నే అమ్మ అయిపోతాడంట, తర్వాత కొడుకునే పెళ్ళి చేసుకుంటాడంట" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. వాడు చూసింది ఏదో రీలు. మగది ఆడదిగా మారడం నిజమేనని డిగ్రీలో చదువుకున్నాం. కొడుకు సంగతే ఎక్కడా చదివిన గుర్తు లేదు. నెట్‌లో వెతికితే పది చోట్ల అదే ఉంది, ఒకళ్ళది చూసి ఒకళ్ళు రాసినట్టుగా. తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్తే సోమవారం పిల్లలకి జవాబు చెప్తాను.

#2 కొత్తపేట కుర్రోడు

అవునండీ, నేనూ చూశాను ఆ రీలు. లక్షల్లో లైకులున్నాయి. అబద్ధమైతే ఇన్నాళ్ళకి ఎవరో ఒకరు అడిగేవాళ్ళు కదా.

#3 ఉప్పునీటి శాస్త్రి

లైకులకీ నిజానికీ చుట్టరికం లేదు తమ్ముడూ. టీచర్ గారూ, ఆ రీలులో సగం నిజం, సగం మసాలా.

నిజం సగం ముందు చెప్తాను. జనం నీమో అనే చేప ఆంఫిప్రియాన్ ఓసెలారిస్. క్లౌన్‌ఫిష్‌లలో దగ్గర దగ్గర 30 జాతులున్నాయి, అన్నీ సముద్ర ఎనిమోన్‌ని, అంటే రాతికి అతుక్కుని పువ్వులా కనిపించే కుట్టే జంతువుని, అంటిపెట్టుకునే బతుకుతాయి. ఒక ఎనిమోన్‌లో ఆడది ఒక్కటే. గుంపులో అన్నిటికంటే పెద్దది అదే. తర్వాతి సైజుది మగది. గుడ్లు పెట్టే జత ఆ రెండే. మిగతా చిన్నవి ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. మహా అయితే మూడో నాలుగో. ఇవి ఆడవీ కావు, మగవీ కావు. వాటి బీజకోశంలో, అంటే గుడ్లో వీర్యమో తయారయ్యే అవయవంలో, రెండు రకాల కణజాలమూ ఉంటుంది గానీ ఏదీ పనిలోకి దిగి ఉండదు.

ఆడది చనిపోతే మగది ఆ స్థానంలోకి జరిగి ఆడదవుతుంది. చిన్నవాటిలో పెద్దది మగదవుతుంది. వెనక్కి రావడమంటూ లేదు, ఒకసారి ఆడదయ్యాక చచ్చేదాకా ఆడదే. హాన్స్ ఫ్రిక్, సిమోన్ ఫ్రిక్ 1977లోనే నేచర్ పత్రికలో దీన్ని రాశారు. ఆడది బతికి ఉన్నన్నాళ్ళూ మగదాన్ని తరుముతూ, కరుస్తూ అదుపులో పెడుతుంది. ఆ పెత్తనం పోగానే మార్పు మొదలవుతుంది. అందులోనూ ముందు మారేది మెదడు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఓసెలారిస్ మీద చేసి 2019లో ప్రచురించిన పనిలో, మెదడులో సంతాన ప్రవర్తనని నడిపే ప్రిఆప్టిక్ అనే భాగం నెలల్లోనే ఆడదానిలా తయారైంది, బీజకోశం మాత్రం ఇంకా మగ రూపంలోనే ఉంది. అంటే పెత్తనం ముందొస్తుంది, గుడ్లు పెట్టడం చాలా తర్వాత.

ఇక మసాలా. ఈ చేప పిల్లలు కన్నవాళ్ళ దగ్గర పెరగవు. గుడ్డు చీల్చుకుని బయటపడ్డ రాత్రే ఎనిమోన్‌ని వదిలేసి నీళ్ళలో పైకి లేచి కొట్టుకుపోతాయి. పది రోజులు అటూఇటూగా ప్లవకంలో, అంటే నీటితో కొట్టుకుపోయే సూక్ష్మజీవుల మధ్య, తేలుతూ పెరిగి, అప్పుడు ఏదో ఒక ఎనిమోన్ దొరికితే అక్కడ దిగుతాయి. కాబట్టి ఒక జత పక్కన కనిపించే చిన్న చేపలు వాటి పిల్లలు అయ్యే అవకాశం బహు తక్కువ. పీటర్ బస్టన్ బృందం పాపువా న్యూ గినీలో పెర్క్యులా అనే ఇంకో క్లౌన్‌ఫిష్ జాతి గుంపుల డీఎన్ఏ తీసి చూసింది. ఒకే ఎనిమోన్‌లో ఉన్న చేపల మధ్య చుట్టరికం, ఆ చుట్టుపక్కల ఎక్కడెక్కడో పట్టిన చేపల మధ్య ఉన్నదానికంటే ఎక్కువ లేదని 2007లో రాసింది. మీ పిల్లాడికి చెప్పండి, నాన్న అమ్మవడం నిజం, పక్కనున్నవాడు కొడుకు కాదు.

#4 సందేహాల రావు

శాస్త్రి గారూ, ఒక్క నిమిషం. అదే 2007లో సైన్స్ పత్రికలో ఇంకో పేపరు వచ్చింది. కింబే దీవి దగ్గర దిగిన క్లౌన్‌ఫిష్ పిల్లల్లో దాదాపు 60 శాతం ఆ దీవిలో పుట్టినవేనని. అదీ పాపువా న్యూ గినీయే, అదీ పెర్క్యులాయే. సగానికి పైగా పుట్టిన చోటికే తిరిగి వస్తుంటే, కొడుకు సొంతింటికి రాడని ఎలా అంటారు?

#5 ఉప్పునీటి శాస్త్రి

రావు గారూ, ఆ పేపరులో వాళ్ళు చేసింది ఇదీ. దీవి చుట్టూ ఉన్న ఆడ చేపలకి బేరియం అనే లోహపు అరుదైన రూపం (ఐసోటోపు) ఇంజెక్షన్ ఇచ్చారు. అది గుడ్లలోకి దిగి, పిల్ల చెవిరాయిలో, అంటే చెవి లోపలుండే చిన్న గట్టి ముక్కలో, చెరగని గుర్తుగా ఉండిపోతుంది. తర్వాత ఆ దీవిలో కొత్తగా దిగిన పిల్లల్ని పట్టి చెవిరాళ్ళు పరీక్షిస్తే సుమారు 60 శాతంలో ఆ గుర్తు దొరికింది. పది రోజులు సముద్రంలో తిరిగి మళ్ళీ అదే దీవికి చేరడం చిన్న విషయం కాదు, అందుకే అంత పేరొచ్చింది. కానీ ఆ గుర్తు చెప్పేది దీవి పేరే, ఇంటి నంబరు కాదు. దీవి చుట్టూ ఎనిమోన్లు వందల్లో ఉంటాయి. వాటిలో కన్నవాళ్ళ ఎనిమోన్‌లోనే, అదీ చోటు ఖాళీగా ఉన్నప్పుడు దిగాలంటే లాటరీ తగలాలి. రెండు పేపర్లకీ తగాదా లేదు.

#6 భాగ్యనగరం ట్యాంకు

శాస్త్రి సార్, సముద్రంల అట్లనే ఉండొచ్చు గానీ ట్యాంకుల లెక్క వేరే. నా కాడ ఓసెలారిస్ జత చానా రోజుల సంది ఉన్నది. రెండూ ఒక్క హేచరీ (చేప పిల్లల్ని పుట్టించే కేంద్రం) బ్యాచ్‌వే. అంటే ఒక్క తల్లి పిల్లలే అనుకోరి. గవే జతకట్టినయ్, గవే గుడ్లు పెడుతున్నయ్. హేచరీ చేపలు కొన్నోళ్ళందరి కాడ గిదే కథ. చుట్టరికం చూసుకునే తెలివి వాటికి ఉన్నట్టు నాకైతే కనిపిస్తలేదు.

జత కావాలంటే ఆడది ఏది, మగది ఏది అని దుకాణంల ఎవర్నీ అడగొద్దు. చిన్నవి రెండు తెచ్చి కలిపి వదులుతే చాలు. కొన్నాళ్ళు కొట్లాడుకుంటయ్. గెలిచింది పెద్దగైతది, ఆడదైతది. ఓడింది దాని ముంగట ఒక పక్కకు ఒరిగి గజగజ వణుకుతది, నువ్వే పెద్ద అని ఒప్పుకున్నట్టు. ఆ వణుకు కనబడ్డదంటే జత కుదిరినట్టే. పెద్ద ఆడవి రెండు తెచ్చి ఒక్క ట్యాంకుల వేస్తిరా, ఒకదాన్ని ఒకటి చంపేదాక ఊకోవు.

#7 ఉప్పునీటి శాస్త్రి

అన్నా, ఈ ముక్క బాగా చెప్పారు. సముద్రంలో చుట్టాల్ని కలవనివ్వకుండా చేసేది ఆ పది రోజుల ప్రయాణమే. ట్యాంకులో ఆ ప్రయాణం లేదు.

#8 బడిటీచరమ్మ

చాలా థాంక్సండీ. ఇప్పుడు నాదో ప్రశ్న. ఆ చిన్న చేపలు సొంత పిల్లలు కావన్నారు. మరి పరాయి చేపల్ని ఆ జత ఇంట్లో ఎందుకుండనిస్తుంది? ఆ చిన్నవైనా గుడ్లు పెట్టకుండా, పిల్లల్ని కనకుండా అక్కడే ఎందుకు పడి ఉంటాయి?

#9 ఉప్పునీటి శాస్త్రి

ఈ చేప కథలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే టీచర్ గారూ. మగది ఆడదవడం గురించి అందరూ మాట్లాడతారు, ఈ ఎదురుచూపు గురించి ఎవరూ మాట్లాడరు.

ఇది అచ్చం గవర్నమెంటు ఆఫీసులో సీనియారిటీ జాబితా. పైవాళ్ళు రిటైరైతేనో పోతేనో తప్ప కిందివాళ్ళకి ప్రమోషన్ లేదు, మధ్యలో ఒకర్ని దాటి ఇంకొకరు ఎక్కడం లేదు. బస్టన్ 2003లో నేచర్‌లో రాసింది ఏమిటంటే, గుంపులో ప్రతి చేపా తన పైదానికంటే ఒక లెక్క ప్రకారం చిన్నగా ఉంటుంది, ఆ తేడా అలాగే ఉండేలా తన ఎదుగుదలని తనే అదుపు చేసుకుంటుంది. తిండి దొరక్క పెరగకపోవడం కాదిది. పైదాన్ని అందుకునేంత సైజు వస్తే అది పోటీగా చూసి తరిమేస్తుంది. ఎనిమోన్ దాటి తరిమితే ఇక చావే, ఈ చేపలకి ఈత అంతంతమాత్రం. పైన ఒక స్థానం ఖాళీ అయిన వెంటనే కిందివన్నీ ఒక మెట్టు పెరుగుతాయి.

జత ఎందుకు ఉండనిస్తుందంటే, చిన్నగా ఉన్నంతకాలం వాటివల్ల పెద్ద నష్టమూ లేదు, చెప్పుకోదగ్గ లాభమూ లేదు. చిన్నవి ఎందుకుంటాయంటే, బయట ఖాళీ ఎనిమోన్లు దొరకవు, ఇక్కడే ఓపిక పడితే ఏదో ఒకనాడు ఇల్లు తనదవుతుంది. బస్టన్ పరీక్ష కోసం కొన్ని చోట్ల జతలోని చేపల్ని తీసేసి చూశాడు. ఖాళీ స్థానం దక్కింది బయటి చేపలకి కాదు, వరసలో ఉన్నదానికే.

ఆ వరస ఎంత నెమ్మదో తెలుసా? పెర్క్యులా ఆడది దాదాపు 30 ఏళ్ళు బతకగలదని అంచనా. వేలంత చేపకి 30 ఏళ్ళు! వరసలో చివర ఉన్నదాని సంగతి ఆలోచించండి.

#10 కొత్తపేట కుర్రోడు

మా బాబాయ్ అసిస్టెంటుగా చేరి అసిస్టెంటుగానే రిటైరయ్యాడు. ఆయనకి పంపిస్తా ఈ పోస్టు.

#11 పోర్ట్‌బ్లెయిర్ పెద్దోడు

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం పక్కే గానీ తాతల కాలం నుంచీ ఇక్కడ అండమాన్‌లోనే. డైవింగ్ సెంటర్లో పని. మీరంతా పేపర్లలో చదివింది నేను రోజూ సూస్తన్నాను బాబూ.

హేవ్‌లాక్ దీవిలో కొత్తగా డైవింగ్ నేర్చుకునేవోళ్ళని తీసికెళ్ళే చోటికి నీమో రీఫ్ అనే పేరు. లోతు ఎక్కువుండదు. అక్కడ ఓసెలారిస్‌లు బాగా కనిపిస్తాయి. మొదటిసారి వచ్చినోళ్ళు ముద్దుగా ఉంది కదా అని సెయ్యి పెడతారు. ఆడది ఊరుకోదు. మూతి ముందుకి పెట్టుకుని నేరుగా మాస్కు మీదికొస్తాది. అద్దానికి టక్కుమని కొడతాది, తిరిగెళ్ళి మళ్ళీ వస్తాది. వేలు దొరికితే కొరికేస్తాది. పళ్ళు సన్నం, రక్తం రాదు గానీ ఉలిక్కిపడతారు. ఇంకోటేటంటే, దగ్గరగా ఉంటే సప్పుడు కూడా వినిపిస్తాది, కటకటకట అని. బబుల్స్ గోల తగ్గి, ఊపిరి బిగబట్టిన క్షణంలో బాగా తెలుస్తాది.

గుడ్లు సూడాలంటే ఎనిమోన్ అంచు కింద సూడాలి. రాయి మీద అతికించి ఉంటాయి. ఎనిమోన్ తన అంచు వాలిస్తే వాటిని కప్పేసేలాగ ఉంటాది ఆ చోటు. పెట్టిన కొత్తలో ముదర నారింజ రంగు. మూణ్ణాలుగు రోజులకి నల్లబడతాయి. ఇంక బయటికొచ్చే ముందు వెండిరంగు కళ్ళు రెండేసి సుక్కల్లాగ మెరుస్తాయి. టార్చి వేసి సూస్తే అన్నీ మనల్నే సూస్తన్నట్టుంటాది. మగది పక్కనే ఉండి రెక్కలాడించి నీళ్ళు కొడతానే ఉంటాది, నోటితో ఒక్కొక్కటీ తడిమి, పాడైపోయిన తెల్లవాటిని ఏరి తినేస్తాది. ఆడది కాపలా. గుడ్ల పని ముప్పాతిక వంతు మగదానిదే.

#12 ఉప్పునీటి శాస్త్రి

ఆ కటకట పళ్ళ చప్పుడు అన్నా. 2007లో సైన్స్‌లోనే ఎరిక్ పార్మాంటియే బృందం దాన్ని క్లార్కీ అనే క్లౌన్‌ఫిష్ జాతిలో వివరించింది. తల పైకెత్తి దవడని చటుక్కున మూస్తుంది, పళ్ళు ఒకదానికొకటి కొట్టుకుని ఆ శబ్దం పుడుతుంది.

#13 కొత్తపేట కుర్రోడు

అందరూ ఇంత చెప్పారు, అసలు ప్రశ్న వదిలేశారు. ఎనిమోన్ ఇంకో చేపని తాకగానే కుట్టి చంపేస్తుంది కదా. వీటినెందుకు కుట్టదు?

#14 పోర్ట్‌బ్లెయిర్ పెద్దోడు

నేను సూసింది సెప్తాను. కొత్త ఎనిమోన్‌లోకి దిగే సేప ఒక్కసారిగా దూకదు. ముందు తోక అంచుతో ఒకసారి తాకి వెనక్కొస్తాది. మళ్ళీ కింద రెక్కలతో. కాసేపయ్యాక పక్క అంతా రుద్దుతాది. ఇలాగ సేసి సేసి చివరికి మధ్యలో దూరి పడుకుంటాది. ఎనిమోన్ జిగురు ఒంటికి పూసుకుంటాదని మా పెద్దవోళ్ళు సెప్పీవోరు.

#15 ఉప్పునీటి శాస్త్రి

మీరు చూసిన ఆ రుద్దుకోవడం శాస్త్రవేత్తలూ చూశారు. ఎనిమోన్ జిగురు ఎంతో కొంత ఒంటికి అంటుకునే మాటా వాస్తవమే. కాని కథ దాంతో అయిపోదు. ఎనిమోన్ స్పర్శకాల (వేళ్ళలా వేలాడే తీగల) మీది దంశకణాలు, అంటే కుట్టే కణాలు, ఊరికే తాకితే పేలవు, తాకినదాని రసాయన గుర్తు కూడా చూస్తాయి. చేపల ఒంటి జిగటలో మామూలుగా సియాలిక్ ఆమ్లం అనే చక్కెరలాంటి పదార్థం ఉంటుంది. ఇదుగో ఆహారం అని ఎనిమోన్‌కి తెలిసేది దాంతోనే. క్లౌన్‌ఫిష్ జిగటలో అది చాలా తక్కువ. 2025లో వచ్చిన పరిశోధన ప్రకారం, లార్వాగా (అప్పుడే పుట్టిన పిల్లగా) ఉన్నప్పుడు దానికీ మామూలు చేపల్లాగే ఉంటుంది. తెల్ల చారలు వచ్చి, ఎనిమోన్‌లో దిగే వయసు వచ్చేసరికి తగ్గిపోతుంది. ఎనిమోన్ సొంత జిగురులోనూ అది లేనట్టే. లేకపోతే దాని స్పర్శకాలు ఒకదాన్నొకటి కుట్టుకుని చస్తాయి.

అలాగని ఏ ఎనిమోన్‌లోకైనా వెళ్ళిపోవడం కుదరదు. వెయ్యికి పైగా ఎనిమోన్ జాతుల్లో క్లౌన్‌ఫిష్‌లు ఉండేది పదింటిలోనే. ఓసెలారిస్‌కి సముద్రంలో మూడే: హెటెరాక్టిస్ మాగ్నిఫికా, స్టైకోడాక్టైలా గైగాంటియా, స్టైకోడాక్టైలా మెర్టెన్సీ. క్లార్కీ మాత్రం పదింటిలోనూ కనిపిస్తుంది, దానికి పట్టింపుల్లేవు.

#16 సందేహాల రావు

చేపకి ఇల్లు దొరికింది సరే. ఎనిమోన్‌కి ఒరిగేదేమిటి? సహజీవనం అని పుస్తకాల్లో రాస్తారు గానీ నాకైతే చేప ఊరికే అద్దె ఎగ్గొడుతున్నట్టుంది.

#17 ఉప్పునీటి శాస్త్రి

అద్దె బాగానే కడుతుంది రావు గారూ. బటర్‌ఫ్లై ఫిష్‌లలో కొన్ని ఎనిమోన్ స్పర్శకాలు కొరుక్కు తింటాయి, వాటిని తరిమేది ఇదే. క్లౌన్‌ఫిష్‌లని తీసేసి చూస్తే కొన్ని ఎనిమోన్ల మీద బటర్‌ఫ్లై ఫిష్‌లు పడ్డాయని 1992లో గాడ్విన్, ఫాటిన్ రాశారు. చేప విసర్జించే అమ్మోనియా ఎనిమోన్ ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలకి (కంటికి కనిపించని నాచులాంటి జీవులకి) ఎరువు. అవి ఎండలో ఆహారం తయారు చేసి ఎనిమోన్‌కి ఇస్తాయి. ఇంకొకటి, రాత్రి నీళ్ళు నిలిచిపోయి ఆక్సిజన్ తగ్గినప్పుడు చేప స్పర్శకాల మధ్య అటూఇటూ మసులుతూ నీళ్ళని కదుపుతుంది. చేప ఉన్న ఎనిమోన్ ఎక్కువ ఆక్సిజన్ తీసుకుంటుందని కొలిచి చూశారు కూడా.

#18 సందేహాల రావు

ఎరువు సంగతి ఒప్పుకుంటాను. ఇది బాగుంది.

#19 కెయిర్న్స్ కబుర్లు

ఆస్ట్రేలియా నుంచి. ఒక మాట చేర్చొచ్చా? మా వైపు, గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తరాన, ఉండేది పెర్క్యులా. ఓసెలారిస్ అండమాన్, థాయిలాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, ఇంకా పైకి తైవాన్, జపాన్ దక్షిణ దీవుల దాకా. ఆస్ట్రేలియాలో వాయవ్య తీరానే. బోటు గైడ్లు కూడా రెండిటినీ ఒకటే చేసేస్తారు. తేడా పట్టాలంటే వీపు రెక్కలో ముళ్ళు లెక్కపెట్టాలి, ఓసెలారిస్‌కి సాధారణంగా 11, పెర్క్యులాకి 10. ఈదే చేప ముళ్ళు ఎవరు లెక్కపెడతారులెండి. నేను కన్ను చూస్తాను. పెర్క్యులా కంటిపాప చుట్టూ మెరిసే నారింజ వలయం ఉంటుంది, ఓసెలారిస్‌కి అక్కడ మసక బూడిదరంగు, అందుకే కన్ను పెద్దగా కనిపిస్తుంది. పెర్క్యులా తెల్ల చారల అంచున నలుపు దట్టం. డార్విన్ వైపు ఓసెలారిస్‌లలో నారింజ అసలు లేని నలుపూ తెలుపూ చేపలు కూడా ఉన్నాయి, అవీ ఓసెలారిస్‌లే.

చారలంటే గుర్తొచ్చింది. జపాన్‌లోని ఒకినావాలో ఒక పరిశోధన జరిగింది, 2024లో వచ్చింది. ఓసెలారిస్ పిల్లలకి రకరకాల చారలున్న చేపల్ని, బొమ్మల్ని చూపించారు. తమలాగే మూడు చారలున్నవాటి మీద ఎక్కువ దాడి చేశాయి, చారల్లేనివాటిని పెద్దగా పట్టించుకోలేదు. ఇంటికి ఎసరు పెట్టేది సొంత జాతేనని వాటికి తెలుసు.

#20 బడిటీచరమ్మ

ఈ చారల ప్రయోగం పిల్లలకి తప్పకుండా చెప్తాను. మరి సముద్రం వేడెక్కుతోందంటున్నారు కదా, ఎనిమోన్లకి కూడా పగడాల్లాగే తెల్లబడే జబ్బు వస్తుందా?

#21 పోర్ట్‌బ్లెయిర్ పెద్దోడు

వస్తాది మేడం. 2010లో ఇక్కడ పగడాలు ఘోరంగా తెల్లబడ్డాయి, 2016లో మళ్ళీ. ఎనిమోన్ తెల్లబడితే సూడ్డానికి అందంగా ఉంటాది, టూరిస్టులు దాన్నే ఫోటో తీసుకుంటారు. ముట్టుకుంటే తెలుస్తాది, వడిలిపోయి ఉంటాది. అందులో సేపలు మాత్రం కదలవు. వెళ్ళడానికి ఇంకో చోటేదీ?

#22 ఉప్పునీటి శాస్త్రి

కదలవు గానీ లోపల దెబ్బ తింటాయి. 2016 వేడికి ఫ్రెంచ్ పాలినేషియాలోని మూరియా దీవిలో తెల్లబడ్డ ఎనిమోన్లలో ఉన్న నారింజరెక్క క్లౌన్‌ఫిష్‌లని గమనించారు. ఒత్తిడి హార్మోను పెరిగింది, సంతానానికి సంబంధించిన హార్మోన్లు పడిపోయాయి, బతికి బయటపడే గుడ్ల సంఖ్య 73 శాతం దాకా తగ్గింది. చేప తెల్లబడదు, తిండికీ కరువు లేదు, ఇల్లు జబ్బుపడితే చాలు సంతానం ఆగిపోతుంది.

ఇంకో వింత. 2023లో పాపువా న్యూ గినీలోని కింబే అఖాతంలో 134 పెర్క్యులాలని నెల నెలా కొలిచారు. వేడి ముదిరినప్పుడు వాటిలో చాలావరకు పొడవు తగ్గాయి. సన్నబడడం కాదండీ, పొడవే తగ్గింది, కొద్ది మిల్లీమీటర్లు. అలా తగ్గినవి తగ్గనివాటికంటే ఎక్కువ బతికాయి. జతలో రెండూ కలిసి తగ్గితే ఇంకా మేలు. ఎందుకో పైన సీనియారిటీ గురించి చదివినవాళ్ళకి తెలిసిపోతుంది. ఒకటే తగ్గితే సైజుల తేడా చెడి గొడవలు మొదలవుతాయి.

#23 కొత్తపేట కుర్రోడు

ఇంత విన్నాక నాకూ రెండు పెంచుకోవాలనిపిస్తోంది. భాగ్యనగరం అన్నా, ఎంతవుతుంది? బౌల్‌లో పెట్టొచ్చా?

#24 భాగ్యనగరం ట్యాంకు

బౌల్ మాట మళ్ళ ఎత్తకు తమ్మీ. ఇది ఉప్పునీళ్ళ చేప, ఫైటర్ చేప లెక్క గ్లాసుల బతకది. ఆర్‌ఓ మిషన్‌ల వడకట్టిన నీళ్ళల మెరైన్ సాల్ట్ కలిపి, సాంద్రత 1.025 కాడ నిలపాలె. 25 నుంచి 27 డిగ్రీలు దాటొద్దు. మన ఊళ్ళె ఏప్రిల్, మే నెలల నీళ్ళు చల్లబరిచే మిషన్, గదే చిల్లర్, లేకుంటే అయ్యే పని కాదు. నీళ్ళు పోసి చేప వేసుడు కాదు, ముందు ఖాళీ ట్యాంకు నెల, నెలన్నర నడిపియ్యాలె, చేపకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చినాకనే చేప. ఖర్చంతా ట్యాంకుకే, చేపకు కాదు.

ఎనిమోన్ లేకున్నా ఇవి హాయిగా ఉంటయ్. నా జత మట్టికుండ పెంకులనే గుడ్లు పెడ్తది. కొత్తోళ్ళు ఎనిమోన్ జోలికి పోవద్దు, అది చస్తే ఒక్క రాత్రిల ట్యాంకంతా విషమైతది.

కొనేటప్పుడు హేచరీ చేపేనా అని గట్టిగ అడుగు. సముద్రంల పట్టినవాటికి బ్రూక్లినెల్లా అనే పురుగు వస్తది, ఒళ్ళంతా తెల్లటి జిగురు కట్టి, ఊపిరాడక రెండు మూడు రోజులల్ల ఖతం. ఒక దుకాణంల హేచరీది అని చెప్పి నాకు అంటగట్టింది అసుంటిదే. మన దేశంల సీఎంఎఫ్ఆర్‌ఐ (కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థ) వాళ్ళు కేరళల ఉన్న విళింజంల వీటిని పుట్టించే పద్ధతి ఎన్నడో తయారు చేసిన్రు, ఇంక సముద్రంల పట్టుడెందుకో నాకు సమజ్ కాదు. అన్నట్టు, ఎవడన్న చీప్‌గ జీవమున్న పగడం ఇస్తనంటే తీసుకోకు. గట్టి పగడాలు 2001ల వన్యప్రాణి చట్టంల అన్నిటికంటే గట్టి రక్షణ ఉండే షెడ్యూల్ 1ల చేర్చిన్రు, పులికి ఏ కేసో దీనికీ గదే కేసు.

#25 బడిటీచరమ్మ

భాగ్యనగరం గారూ, ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లల్ని మీరు పెంచారా?

#26 భాగ్యనగరం ట్యాంకు

పెంచుతున్న మేడం, తక్కువే దక్కుతయ్. ఏడో ఎనిమిదో రోజు రాత్రి, లైట్లు ఆర్పినాక పుడతయ్. మూలకు చిన్న టార్చి పెడితే పిల్లలన్నీ వెలుగు కాడికే వస్తయ్, వలతోని ముట్టకుండ గిన్నెతోని ముంచి వేరే ట్యాంకుల వేయాలె. సూదిమొనంత ఉంటయ్. మొదటి రోజులల్ల రోటిఫర్లు అనే కంటికి కనబడని నీటి జీవులు తప్ప ఇంకేం తినవు, అవి మనమే పెంచాలె. తర్వాత ఆర్టీమియా అనే చిన్న రొయ్యలాంటి జీవి పిల్లలు. పది, పన్నెండు రోజులకు ముందు తల కాడి చార వస్తది, వెనకనే నడుము చార. అది కనిపించినంక కొంచెం నిమ్మళం.

#27 కొత్తపేట కుర్రోడు

సరే అన్నా, చిల్లర్ అనగానే పెంచే ఆలోచన విరమించుకున్నా. పెద్దోడు గారూ, ఈత రానివాళ్ళు అండమాన్‌లో వీటిని చూడొచ్చా? ఏ నెలలో రావాలి?

#28 పోర్ట్‌బ్లెయిర్ పెద్దోడు

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్ళు తేటగా ఉంటాయి, అప్పుడు రండి. ఈత రాకపోయినా పర్లేదు, గాజు అడుగున్న బోట్లుంటాయి. పోర్ట్‌బ్లెయిర్ దగ్గరున్న వండూర్ నుంచి జాలీ బాయ్ దీవికి వెళ్తే మెరైన్ నేషనల్ పార్కులోదే గనక రీఫ్ బాగుంటాది. వానాకాలంలో దాన్ని మూసేస్తారు. పర్మిట్ ముందే తీసుకోవాలి. ప్లాస్టిక్ సీసా గానీ కవరు గానీ ఉంటే జెట్టీ దగ్గరే ఆపేస్తారు, స్టీలు సీసాలో నీళ్ళు పట్టుకురండి.